ఆధారం కావాలట

"ఆధారం కావాలట సార్," అంది కౌంటర్‌లోని అమ్మాయి, కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే. "ఎముకల్లో జబ్బు ఉందనడానికి ఏదైనా కాగితం చూపిస్తేనే స్కాన్‌కి డబ్బు ఇస్తారట ఇన్సూరెన్స్ వాళ్లు."

టైలర్ కిటికీ అంచు పట్టుకుని ముందుకు వంగాడు. "ఉందో లేదో తెలియకే కదమ్మా స్కాన్‌కి వచ్చింది. తెలిసిపోతే ఇక్కడేం పని మాకు?"

"నేనూ అదే రాశాను. డాక్టర్ చీటీ, పాత ఆపరేషన్ కాగితాలు మళ్లీ పంపించాను. పన్నెండు లోపు సరేనంటే మంచిదే. లేదంటే పద్దెనిమిది వేలు మీరే కట్టుకోవాలి. పన్నెండు దాటితే, స్కాన్‌కి ముందు ఇచ్చే ఇంజెక్షన్ మందుకి బలం తగ్గిపోతుంది సార్. ఇవాళ్టి మందు రేపటికి పనికిరాదు."

గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది.

అతని భార్య బెంచీ చివర నిటారుగా కూర్చుంది. వెనక్కి ఆనుకుంటే నడుం పీకుతుంది. ఐదేళ్ల కిందట ఆమెకు రొమ్ములో గడ్డ తీశారు. ఇప్పుడీ నొప్పి మామూలుదో, ఆ జబ్బే ఎముకల్లోకి పాకిందో తేల్చుకోవాలని డాక్టర్ ఒళ్లంతా ఎముకల స్కాన్ తీయించమన్నాడు. ఆమె ససేమిరా అంది. అతనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

"ఇంటికి పోదామండీ," అంది. "ఈ వయసులో నడుం నొప్పి రాక ఇంకేం వస్తుంది?"

"నువ్వూరుకో."

"గొంతు పెంచకండి. మీ ఛాతీ కోసి నాలుగు నెలలే అయింది."

ఆ మాటకి అతను తగ్గాడు. గుండె ఆపరేషన్ అయినప్పట్నించీ సంచీ ఆమే మోస్తోంది. అతని ఫోనూ ఆమె దగ్గరే ఉంటోంది. చెడ్డ కబురు ఏదైనా ముందు ఆమె చెవిన పడి, ఆ తర్వాతే అతని దాకా రావాలి. ఉప్పూ నూనే లేని తిండి అతనితో పాటు తనూ తింటోంది. అందుకే చిక్కిపోతోందనుకుని ఆమె జాకెట్లు రెండుసార్లు బిగించి కుట్టాడు. మొదటిసారి అంగుళం. రెండోసారి ఒకటిన్నర.

నర్సు ఒక కాగితం పట్టుకుని వచ్చింది. "ఆంటీ, ఇంజెక్షన్ చేశాక..."

"తెలుసమ్మా. మూడు గంటలు ఆగాలి. నీళ్లు బాగా తాగాలి. బాత్రూంకి వెళ్లొచ్చి, గొలుసు తీసేసి పడుకోవాలి."

"అన్నీ చదువుకునే వచ్చారే."

"మా వీధిలో ఒకావిడ తీయించుకుందిలే."

నర్సు టైలర్ వైపు చూసింది. "మీకు చెమటలు పడుతున్నాయి సార్. ఒంట్లో బాగానే ఉందా?"

"ఆయనకేం?" అంది భార్య. "ఆయన ఒంట్లో తిరుగుతున్నది నా రక్తం. ఆపరేషన్ మర్నాడు నేనే ఇచ్చాను. మొండి రక్తం, అంత తేలిగ్గా లొంగదు."

"మీ దగ్గర తీసుకున్నారా? గడ్డ ఆపరేషన్ అయినవాళ్ల రక్తం తీసుకోరే."

"అప్పుడు తీసుకున్నారులే," అంటూ ఆమె సంచీలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది.

నర్సు వెళ్లిపోయాక అతను చెయ్యి చాపాడు. "ఫోను ఇలా ఇవ్వు. ఎదురు షాపతను నా మోటారు కుట్టుమిషన్ ఎప్పట్నించో అడుగుతున్నాడు. తీసుకోమంటే డబ్బు పట్టుకుని ఇక్కడికే వస్తాడు."

"మిషన్ అమ్మేస్తే నా జాకెట్లు ఎవరు బిగిస్తారు?"

"చేత్తో కుడతాను."

"మీ చేతికుట్టు సంగతి నాకు తెలీదా? చంకలో గుచ్చుకుంటుంది."

అతనికి నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది గాని ఫోను మాత్రం ఇవ్వలేదు. "కాసేపు ఆగండి. జవాబు రానీయండి ముందు."

పన్నెండుకి పది నిమిషాలుందనగా ఆమె చేతిలో ఫోను కుయ్‌మంది. ఆమె చదువుకుంది. వేలితో ఏదో నొక్కి సంచీలో పడేసింది.

"కుదరదన్నారు. పదండి."

"ఎందుకట?"

"ఏదో రూలు. మళ్లీ బస్సు దొరకదు, లేవండి."

"ఆ రూలేంటో నేను కనుక్కుంటాను."

ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. ఈమధ్య ఆమె పట్టులో బలం లేదు. అతను తేలిగ్గానే విడిపించుకుని కౌంటర్ దగ్గరికి నడిచాడు.

"నాకూ ఇప్పుడే వచ్చింది సార్," అంది అమ్మాయి. "ఈ పాలసీలో ఏడాదికి ఒక్క ఎముకల స్కాన్‌కే ఇస్తారట. మేడం పేరు మీద ఒకటి ఇచ్చేశామంటున్నారు."

"వాళ్లు పొరబడ్డారమ్మా. మేమసలు తీయించుకుంటేగా! ఇంకెవరిదో తెచ్చి మా నెత్తిన రాశారు."

"పేరు, వయసు, పాలసీ నంబరు అన్నీ సరిపోయాయి." ఆ అమ్మాయి ఇంకో రెండు వరుసలు చదివింది. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు తగ్గింది. "మనల్ని అడిగిన ఆధారం వాళ్ల దగ్గరే దొరికిందట సార్. వెన్నులో, తుంటిలో, పక్కటెముకల్లో... ఆ స్కాన్‌లోనే తేలిపోయింది కాబట్టి ఇప్పుడు మళ్లీ అక్కర్లేదని రాశారు."

అతను వెనక్కి చూశాడు. భార్య సంచీని ఒళ్లో పెట్టుకుని నేల వైపు చూస్తోంది.

"తేదీ ఎప్పుడని ఉందమ్మా?"

"మార్చి పన్నెండు."

మార్చి పన్నెండున, అతని ఛాతీ తెరిచి మూసిన మర్నాడు, ఆమె మోచేతి మడతలో దూది అంటించుకుని మంచం దగ్గరికి వచ్చి, "మీకు రక్తం ఇచ్చొచ్చాను," అంది.