కలిసిపోయిన చుక్కలు

కోడ్‌లో వరస మొదట నాలుగు ఖాళీలు ఉండాల్సిన చోట మూడే ఉన్నాయని కత్తెరకు ఒళ్ళు మండిపోయింది.

కత్తెర ఆయన అసలు పేరు కాదు. ఎవరేం రాసి పంపినా కత్తిరించి వెనక్కి కొడతాడని తోటివాళ్ళు పెట్టిన పేరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. లోలోపల మురిసిపోతాడు కూడా.

ఆయన చూసుకునేది ఒక ఉచిత సాఫ్ట్‌వేర్. ఇనుప కట్టడం ఎంత బరువుకు నిలుస్తుందో, ఎక్కడ విరుగుతుందో లెక్కకట్టి చెబుతుంది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా కొత్త సౌకర్యం రాసి పంపవచ్చు. కాకపోతే అది లోపలికి రావాలంటే కత్తెర సరే అనాలి. పన్నెండేళ్ళుగా పైసా జీతం లేకుండా, ఆఫీసు నుంచి వచ్చాక సాయంత్రాలన్నీ దానికే ధారపోశాడు. అందుకని దాన్ని ఎవరు వేలెత్తి చూపినా తననే అన్నట్టు ఉంటుంది.

ఈసారి రాసి పంపినవాడు తాబేలు. ఫొటో లేదు, ఊరూ పేరూ లేదు. తనకు తాను పెట్టుకున్న పేరు అది.

తాబేలు చెప్పింది చిన్న సంగతే. లెక్క కట్టే ముందు సాఫ్ట్‌వేర్ ఇనుప పలకను చేపల వలలాగా చిన్న చిన్న గళ్ళుగా విడగొడుతుంది. దాన్నే మెష్ అంటారు. గళ్ళ మూలల్లో చుక్కలుంటాయి. రెండు చుక్కలు మరీ దగ్గరగా ఉంటే రెండూ ఒకటేననుకుని సాఫ్ట్‌వేర్ చెప్పాపెట్టకుండా కలిపేస్తుంది. అలా కలిపిన వాటిని ఎర్రగా చూపించి, కావాలంటే చేత్తో విడదీసుకునే వీలుండాలంటాడు తాబేలు. అందుకు కోడ్ రాశాడు. ఇరవయ్యో తేదీలోగా కొత్త వెర్షన్‌లో విడుదల చేయమని వేడుకున్నాడు.

ఆ చుక్కల్ని కలిపే కోడ్ రాసింది కత్తెరే.

"ఎవరికి కావాలి ఇది? ఇంజినీరన్నవాడు ముందే చూసుకోడా?" అని విసురుగా రాశాడు.

"చూసుకోలేదండీ" అని రెండు రోజులకు జవాబొచ్చింది.

ఆ రెండు రోజుల ఆలస్యానికి మళ్ళీ మండింది.

మొదటి వారం ఖాళీల మీద పడ్డాడు. రెండో వారం పేర్ల మీద: ఈ పేరు పొడుగు, ఆ పేరు పొట్టి. కత్తెర చెప్పినవన్నీ చెప్పినట్టే తాబేలు దిద్ది పంపాడు. పల్లెత్తు మాట అనలేదు. కత్తెరకు అది మరీ కంపరంగా తోచింది. మూడో వారం, నిజంగా జరిగిన పని ఒకటి ఉదాహరణగా జతచేసి, దాని వివరం రాస్తే తప్ప చూడనన్నాడు. మర్నాడే వచ్చింది. కత్తెర దాన్ని తెరవలేదు. కోడ్‌లో కామాలు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

పదహారున తాబేలు మళ్ళీ అడిగాడు.

"ఇరవైలోపల వీలవుతుందాండీ? ఆ తర్వాత ఉపయోగం ఉండదు."

"అంత కొంప మునిగిపోయే పనేముంది ఇందులో? నీ తొందర నీ దగ్గరే పెట్టుకో" అని అందరూ చదివే చోటే రాసి పడేశాడు కత్తెర.

ఆయన భార్య బడిలో లెక్కల టీచరు. పక్క కుర్చీలో పిల్లల పేపర్లు దిద్దుకుంటూ తెర మీదికి తొంగిచూసింది. ఆ తాబేలు ఏం తప్పు రాశాడని అడిగింది. తప్పేం లేదు, పద్ధతి లేదన్నాడు కత్తెర.

"తప్పు లేకపోతే ఇంత మంట దేనికండీ? మీ తప్పు చూపించాడనేగా?"

ఆయన కుర్చీ అటు తిప్పుకుని మళ్ళీ కామాలు లెక్కపెట్టసాగాడు.

ఇరవై వచ్చింది. కొత్త వెర్షన్ విడుదలైంది, తాబేలు పని లేకుండానే.

ఇరవై రెండున తాబేలు రాశాడు, ఇక తనకు అవసరం లేదని, ఎవరికైనా పనికొస్తే వాడుకోమని, ఇన్నాళ్ళూ శ్రమ ఇచ్చినందుకు మన్నించమని.

కత్తెరకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు వారాలు బుర్ర తినేసి మధ్యలో వదిలేసి పోతాడా? అందులో పస లేదని నలుగురి ముందూ రుజువు చేసి మరీ మూసేద్దామని, ఆ ఉదాహరణను తొలిసారి తెరిచాడు.

లారీలకు సరుకెక్కించే ఇనుప వేదిక. మామూలుగా లెక్క కట్టిస్తే చెక్కుచెదరకుండా నిలిచింది. తాబేలు కోడ్ పెట్టి చూస్తే ఒక మూల వరసగా ఎర్రచుక్కలు తేలాయి. అక్కడ రెండు పలకల మధ్య వెంట్రుకంత సందు ఉంది. డ్రాయింగ్‌లో అక్కడ వెల్డింగ్ అతుకే లేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం రెంటినీ కలిపేసి, అతుకు ఉందనుకుని గట్టిదని తేల్చింది. కత్తెర చుక్కలు విడదీసి మళ్ళీ లెక్క కట్టాడు. సగం బరువుకే వేదిక ఒరిగిపోయింది.

వివరంలో నాలుగే ముక్కలున్నాయి. ఈ సాఫ్ట్‌వేర్ లెక్క నమ్మి కట్టిన వేదిక రెండేళ్ళ కిందట కూలిందని, ఇద్దరు చనిపోయారని, ఇరవై ఒకటిన ఆఖరి విచారణ అని, విడుదలైన వెర్షన్‌తో కట్టిన లెక్కనే కమిటీ ఒప్పుకుంటుందని.

కత్తెర కోపమంతా ఇప్పుడు తన మీదికే తిరిగింది. కామాలు వెతికిన కళ్ళకు ఇది కనబడలేదా అని తన్ను తాను తిట్టుకున్నాడు. ఒక్క అక్షరం దిద్దకుండా ఆ కోడ్‌ను లోపల కలిపి, గంటలో ఇంకో వెర్షన్ విడుదల చేశాడు. ఆ తర్వాత తాబేలుకు రాశాడు.

"క్షమించండి సార్. ఆ వేదిక డిజైన్ చేసిన ఇంజినీరు మీరేనా? తప్పు నా కోడ్‌లో ఉందని కమిటీకి నేనే రాస్తాను."

ఈసారి జవాబు వెంటనే వచ్చింది.

"ఇంజినీరును కానండీ. కమిటీ నిన్ననే తేల్చేసింది, దీని మీద ఇక విచారణ లేదన్నారు. జవాబులు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకండి, కోడ్ రాయడం ఈ కేసు కోసమే నేర్చుకున్నాను. వేయమని నాకెవరూ చెప్పని అతుకు వేయనందుకే ఇద్దరు పోయారని, లైసెన్సు పోగొట్టుకున్న వెల్డర్‌ని నేను."