ఆఖరి బంటు

ప్రోగ్రాం మళ్లీ ఓడిపోయింది. నిర్మల కీబోర్డును పక్కకు నెట్టి తల పట్టుకుంది.

ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టు కోసం ఆమె రాసిన చదరంగం ప్రోగ్రాం అది. కాలేజీ వాళ్లిచ్చిన మరో ప్రోగ్రాంతో దానంతట అదే ఆడుతుంది. మధ్యలో మనిషి చెయ్యి పెట్టేది లేదు. ఈ సాయంత్రంలోగా ఒక్క ఆటైనా గెలిచి చూపిస్తేనే పాస్. లేకపోతే ఏడాది పోతుంది, క్యాంపస్ ఇంటర్వ్యూలో దొరికిన ఉద్యోగమూ పోతుంది.

మొదట్లో బాగానే ఆడేది. ఎదుటి పావులను ఒక్కొక్కటిగా కొట్టేసేది. ఎదుటి రాజు పక్కన ఒక్క బంటు మిగిలేసరికి దానికి ఏమయ్యేదో, ఏనుగులను ఊరికే అటూ ఇటూ తిప్పేది. ఈలోగా ఆ బంటు ఒక్కో గడీ నడిచి మంత్రి అయ్యేది. ఆ మంత్రి చేతిలో ఆట పోయేది. ప్రతిసారీ ఇంతే.

ఎత్తులు వెతికే భాగాన్ని నిర్మల మొత్తం తిరగరాసింది. గడియారం లెక్క మార్చింది. ఫలితం మారలేదు. ఎయిర్‌పోర్టులో దిగుతున్న విమానం ఇంటి రేకులను వణికించినా తలెత్తి చూడలేదు.

స్నేహితురాలు ప్రియదర్శిని ఫోన్ చేసింది. తనకు చదరంగం రాదని, గైడు హరిప్రసాద్ సార్‌ను ఇంకొంచెం గడువు అడగమని చెప్పింది. అడిగితే కుదరదన్నారని నిర్మల చెప్పింది.

"మరి ఇప్పుడేం జేస్తవే?"

"ఏం జేస్త. దిమాక్ పనిజేస్తలేదు. నాతోని కాదని సార్‌కు రాసిస్త."

"పిచ్చిదానా, జర సేపు ఆగు."

"ఆగితే ఏమైతది? ఇంకోసారి ఓడుతది."

ఫోన్ పెట్టేసి ఇంకో ఆట నడిపించింది. అన్నట్టే ఓడింది. ప్రాజెక్టు నుంచి తప్పుకుంటున్నానని మెయిల్ రాసి పంపేసింది. కాసేపటికే జవాబు వచ్చింది. ఫెయిల్ వేసి మార్కులు పైకి పంపేశానని, వచ్చే ఏడాది మళ్లీ చేసుకోమని సార్ రాశారు.

ఎయిర్‌పోర్టులో ట్రాలీలు సర్దే పని ముగించుకుని తండ్రి సోమయ్య ఇల్లు చేరాడు. బిడ్డకు ఉద్యోగం వచ్చిందని డ్యూటీలో అందరికీ చెప్పుకున్న మనిషి. ఆయనకు ఈ మాట ఎలా చెప్పాలో నిర్మలకు తెలియలేదు.  ఆమె ముఖం చూసి ఆయన చాప మీద చదరంగం బల్ల పరిచి రమ్మన్నాడు. మనసు లేదంటే, ఒక్క ఆటేనన్నాడు.

నిర్మల చూసీ చూడక ఎత్తులు వేసింది. పావులన్నీ పోయాయి. ఆమె రాజు పక్కన ఒక్క బంటే మిగిలింది. సోమయ్య ఏనుగును జరిపి ఆ బంటును కూడా కొట్టేశాడు.

ఆమె విస్తుపోయింది.

"ఇదేంది బాపు? ఆఖరి పావును కొడితే ఆట డ్రా అయితది గద. నువ్వే నేర్పినవ్. నేను ప్రోగ్రాంల గూడ గదే రాసిన."

సోమయ్య బంటును అరచేతిలో దొర్లిస్తూ నవ్వాడు.

"గసొంటి రూలు ఏడ లేదు బిడ్డా. చిన్నప్పుడు ఓడితే అన్నం తినకపోతుంటివి, అందుకే నేనే పుట్టించిన. ఇగ ఇంజినీరువైతివి గద, ఓడినా ఏడ్వవు."