పద్మకుమారి పుస్తకం

"ఎవడు కొంటాడే నీ పుస్తకం? బెండుతో బండి చెయ్యడం నేర్చుకోడానికి డబ్బెట్టి పుస్తకం కొంటారేటి ఎవరైనా?" కంచం ముందు నుంచి లేవకుండానే అరిచాడు జగన్నాధం మేస్టారు.

"పిల్లలు అడిగితే పెద్దోళ్ళే కొంటారండి," అంది పద్మకుమారి. చారు పోస్తూ నవ్వింది కూడా. ఆ నవ్వుతో ఆయనకి పొలమారింది.

ఆ పుస్తకం ఆవిడకి పెళ్ళికి ముందు నుంచీ ఉన్న కోరిక. తాటాకులతో, గోగుకర్రలతో, జొన్నబెండుతో పిల్లలు తమంతట తాము చేసుకునే బొమ్మలన్నీ ఒక్కచోట అచ్చు వేయించాలని. పురుళ్ళూ, చాకిరీ, అత్తగారి మంచం కలిసి ఆ కోరికని అటకెక్కించాయి. చిన్నవాణ్ణి బడిలో వేశాక ఆవిడ దాన్ని మళ్ళీ కిందికి దించింది. పాలమ్మిన డబ్బు కూడబెట్టి, ఒక్కతే రైలెక్కి విజయనగరం వెళ్ళి, ప్రెస్సులో పని అప్పగించి వచ్చింది.

మేస్టారి కడుపులో మంట ఆ రోజే అంటుకుంది. ఆయన పద్యాలు రాస్తాడు. అవన్నీ ట్రంకుపెట్టె అడుగున మగ్గుతున్నాయి. అచ్చులో తన పేరు చూసుకోవాలని ఆయనకెంత తాపత్రయమో ఆ పెట్టెకే తెలుసు. "ఎప్పుడు వేయిస్తావు?" అని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు. అలాంటిది ఈ పొద్దున్న హెడ్మాస్టరు భుజం తట్టి, "మీ ఆవిడ పుస్తకం వస్తోందటగా! అదృష్టవంతుడివయ్యా" అన్నాడు. అదృష్టమట! ఈ బొమ్మల మనిషికి పుస్తకం, ఛందస్సు కంఠస్థం పట్టిన తనకి ట్రంకుపెట్టెనా?

చెయ్యి కడుక్కున్నాడు. బడికి సెలవు చీటీ పంపి, చీపురుపల్లి స్టేషనులో విజయనగరం బండెక్కాడు. కళ్ళల్లో బొగ్గునుసి పడుతున్నా కిటికీ దగ్గర నుంచి కదల్లేదు.

ప్రెస్సులో అప్పలసూరి ఒక్కడే ఉన్నాడు. యజమానీ అతనే, అక్షరాలు కూర్చేదీ అతనే. గోడకి 1968 క్యాలెండరు, దాని కింద సీసపు అక్షరాల అరలు.

"ఎవరు బాబూ మీరు?"

మేస్టారు నోరు తెరిచి ఆగిపోయాడు. తన పేరు చెబితే ఇక్కడ ఎవడికి తెలుసు? "చీపురుపల్లి పద్మకుమారి ఉంది కదా... ఆవిడ భర్తని," అన్నాడు. పెళ్ళాం పేరు చెప్పుకుని పరిచయం చేసుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఒళ్ళు భగ్గుమంది.

"అమ్మగారి ఇంటాయనా! రండి, కూకోండి. ఆయమ్మ సేతుల్లో ఏటో విద్దె ఉన్నాది బాబూ. మా మనవరాలికి తాటాకు సిలక సేసిచ్చినారు. అది నిద్దట్లో కూడా వదల్దు."

"సర్లే. ఆవిడిచ్చిన పని ఎంతవరకొచ్చింది?"

"కూర్చడం అయిపోనాది. రేపు మిషనెక్కిస్తాను." నూలుతాడుతో బిగించి కట్టిన సీసపు దిమ్మల్ని చూపించాడు. అన్నీ తిరగబడిన అక్షరాలు. మేస్టారు వాటివైపు సరిగా చూడను కూడా లేదు. ఆ దిమ్మల్ని చూస్తేనే కళ్ళల్లో నిప్పులు పోసినట్టుంది.

"విప్పేయ్," అన్నాడు.

"ఏటి బాబూ?"

"విప్పేయమంటన్నాను. అచ్చెయ్యక్కర్లేదు. ఇచ్చిన డబ్బు తిరిగి అడగం."

"అదేటి బాబూ, అంత బాగుంటే..."

"ఏటి బాగు? చిన్నపిల్లల ఆటలా ఉంది. అదీ ఒక పుస్తకమేనా? పదిమందీ చూస్తే మా పరువు పోతాది."

అప్పలసూరి ఆయన మొహంలోకి వింతగా చూశాడు. "మీరే అంత మాటంటే మరి నానేటంటాను? మాఘమాసం పెళ్ళిళ్ళు. సుభలేకలకి అచ్చరాలు సాలక సస్తన్నాను," అంటూ తాడు లాగేశాడు.

అక్షరాలు టకటకా అరల్లోకి పడుతుంటే మేస్టారి ప్రాణం కుదుటపడింది.

"మరి రాసిన కాయితాలో?"

"అవీ పొయ్యిలో పడేయ్. లేకపోతే ఇంకో ప్రెస్సుకి పట్టుకుపోతాది."

మూలనున్న కాగితాల చుట్టని అప్పలసూరి జిగురు కాచే కుంపట్లో పడేశాడు. మంట లేచింది. అది ఆరిందాకా మేస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంటికెళ్ళి, "ప్రెస్సువాడు ముంచేశాడే" అని చెప్పి, నాలుగు మంచిమాటలతో ఓదార్చాలని కూడా అనుకున్నాడు. పాపం, ఎంతైనా పెళ్ళాం!

గుమ్మం దిగుతుంటే వెనక నుంచి కేక వినిపించింది. "బాబూ, ఒక్క నిమిషం! ఇవి అమ్మగారికి ఇచ్చీండి."

అప్పలసూరి చేతుల్లో పుస్తకాల కట్ట. కొత్త సిరా వాసన గుప్పుమంది. అట్ట మీద పెద్ద అక్షరాలతో పద్మకుమారి పేరు.

"బొమ్మల పుస్తకం నిన్ననే కుట్టేసినాను."

మేస్టారు మళ్ళీ గుమ్మం ఎక్కాడు. "మరి... ఇప్పుడు విప్పిందేటి?"

"అది రెండోది కదా, పజ్జాల పుస్తకం. రాసినాయన పేరేటమ్మా, అట్టమీద ఎయ్యాల కదా అంటే, అమ్మగారు సిగ్గుపడిపోయి, 'ఆ పేరు నేను నోటితో పలక్కూడదు, ఈసారి మా పిల్లడిని తెచ్చి సెప్పిస్తాను' అన్నారు బాబూ!"