చల్లారేదాకా

"మూత ముట్టకు! మొఖం కాలుతది!"

చోటే మియా కేకకు దేవరాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మోటారు ముందు నుంచి ఆవిరి బుస్సుమని లేస్తోంది. నాగర్‌కర్నూలు దాటి మైలు పోకముందే ఇంజన్ కుతకుతలాడింది. చోటే మియా షెడ్డు అక్కడే ఉండబట్టి సరిపోయింది కానీ, పాలమూరు దాకా మరో మెకానిక్కు లేడు.

"జర జల్దీ చూడు సాబ్," దేవరాజు బతిమాలాడు. "నా బిడ్డ రేణుక పాలమూరు దవాఖానల ఉంది. పదకొండు దినాల సంది జ్వరం. అమ్మ తనకు గూడ పనుందని బండి తీయబట్టి ఎల్లిన."

అమ్మ అంటే అమ్రాబాద్ దొరసాని అమృతమ్మ. బండి ఆమెదే. దేవరాజు ఆమె డ్రైవరు. ఆమె నింపాదిగా దిగి, షెడ్డు నీడలో ఉన్న మంచం మీద కూర్చుంది.

"ఎంతసేపు పడుతది?"

"ముందుగాల చల్లారాలె, దొరసానమ్మా. గింత కాలినప్పుడు సన్నీళ్లు పోస్తే ఇంజన్ పగుల్తది. గంటన్న కావాలె."

"కానియ్యి. తొందరేం లేదు."

తొందరేం లేదట! చోటే మియాకు ఒళ్లు మండింది. రెండేళ్ల కింద ఇలాంటి జ్వరంతోనే అతని చెల్లెలు కుల్సుమ్‌బీ పోయింది. అతను వెళ్లేసరికి మట్టి చేశారు. ఆఖరిచూపు దక్కని బాధ ఏమిటో అతనికి తెలుసు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అన్నారా?

కోపం మింగి పనిలో దిగాడు. రబ్బరు గొట్టాలు తడిమాడు. ఎక్కడా చీలిక లేదు. పంకా పట్టాను బొటనవేలితో నొక్కాడు. బిగువుగానే ఉంది. పంపు కింద చెమ్మ లేదు. నూనె కడ్డీ తీసి వెలుతురుకు పట్టాడు.

"నూనెల నీళ్లు కలిస్తే మజ్జిగ లెక్క తెల్లగైతది. గిది మంచిగుంది. లోపల ఏం పగల్లే. మరి నీళ్లు యాడికి పోయినయ్?"

కింద దూరి చూశాడు. రేడియేటర్ అడుగున నీళ్లు వదిలే చిన్న నల్లా సగం తిరిగి ఉంది.

"దేవరాజూ, పొద్దున నల్లా బిగించినవా?"

"నా బిడ్డ మీద ఒట్టు సాబ్. రెండుసార్లు చూసిన."

"నడుమ యాడన్న ఆగిన్రా?"

"నాగర్‌కర్నూలు బస్సుల అడ్డా కాడ. రేణుకకు బత్తాయిలు తెమ్మని అమ్మ నన్ను బజారుకు తోలింది. కానీ అమ్మ బండి కాన్నే ఉండె. ఎవడు ముడతడు? దొర ఉన్నప్పుడు అమ్మకు బండి పనంత నేర్పిండు, గట్ల ఎవడన్న చెయ్యి పెడితే ఊకుంటదా?"

చోటే మియా చెయ్యి ఆగిపోయింది. మంచం వైపు చూశాడు. దొరసాని చీర కొంగు అంచుకు ఇంజన్ మడ్డి మరక ఉంది.

"చాయ్ తాగుతవా?" అన్నాడు దేవరాజుతో.

"అమ్మ తినంది నేను ముట్టను సాబ్. మా తాత కాలం సంది గంతే. నిన్న అమ్మకు ఏకాదశి."

అంటే వీడు కూడా నిన్నటి నుంచీ పస్తే!

అంతలో అమృతమ్మ సద్ది విప్పింది. పెరుగన్నం, చింతకాయ తొక్కు. అవతల ఒక ఆడపిల్ల ప్రాణం కోసం తండ్రి అల్లాడుతుంటే, ఈమె ముద్ద ముద్దకూ గుక్కెడు నీళ్లు తాగుతూ మెల్లగా తింటోంది. ఎంత రాతిగుండె అనుకున్నాడు చోటే మియా. అసహ్యంతో మొహం తిప్పుకున్నాడు.

"దేవరాజూ, నేను తిన్న. నువ్వు గూడ తిను."

"నాకు ఆకలైత లేదమ్మా. బండి..."

"కండ్లు తిరిగి గుంతల పడేస్తవా నన్ను? తిను."

మాట కరుకుగా ఉంది. ఆమె ఆకులో వడ్డిస్తే దేవరాజు తలవంచుకుని తిన్నాడు. ఆకు ఖాళీ అయ్యేదాకా ఆమె కదలలేదు. మళ్లీ వడ్డించింది. అతను వద్దంటే కసిరింది. చివరికి చేతులు కడుక్కుని, రేడియేటర్‌కు నీళ్లు తేవడానికి బకెట్టుతో బావి దగ్గరికి నడిచాడు.

ఇక చోటే మియా ఆగలేకపోయాడు.

"దొరసానమ్మా, మీరు పెద్ద మనుషులు, అడగొద్దు. కానీ ఆ నల్లా దానంతటది తిరిగేది కాదు."

"నేనే తిప్పిన, సాయెబూ."

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు.

"ఎందుకమ్మా? బిడ్డ కోసం తండ్రి గట్ల పరేషాన్ అయితుంటే!"

"తిండికి బండి ఆపుమంటే వాడు ఆపడు. ఆగితే గానీ తినడు."

"గదొక్కటేనా? దవాఖానకు పోయినంక తినకపోవునా?"

"పోయినంక తినడు, సాయెబూ."

ఆమె బావి వైపు చూసింది. దేవరాజు బకెట్టు నింపుకుని, నీళ్లు తొణుకుతుంటే పరుగున వస్తున్నాడు.

"అడ్డా కాడ పాలమూరు నుంచి వచ్చిన బస్సు డ్రైవరు దవాఖాన కబురు చెప్పిండు. రేణుక పొద్దుగాలనే పోయింది."