సారు పెట్టుకున్న మేనేజరు

"మీ అత్తకేమన్న దిమాగ్ ఖరాబయిందా, చెల్లె?"

జగదీశ్వర్ గడప దగ్గరే నిలబడి అడిగాడు. మంజుల టీ గ్లాసుతో ఎదురొచ్చింది. నారాయణగూడలో అతనికి పెద్ద టైల్స్ దుకాణం ఉంది. ఆమె భర్త వెంకటేశ్ అందులోనే పని చేస్తాడు. అశోక్‌నగర్‌లోని తమ బస్తీ సంఘానికి అధ్యక్షుడిగా వెంకటేశ్‌ను నిలబెట్టింది కూడా జగదీశ్వరే. నిలబడతావా అని అడగలేదు, నిలబడుతున్నావని చెప్పాడు. వెంకటేశ్ తలూపాడు.

"ఏమైందన్నా?"

"ఫణీంద్ర సారు ప్రచారానికి మేనేజర్‌ను పెట్టుకున్నడు. ఎవరనుకున్నవ్? మీ కమలవ్వను!"

ఫణీంద్ర సారు రిటైరైన లెక్చరరు. ప్రతి ఎన్నికలోనూ నిలబడతాడు, మురికి మోరీల గురించి గంటసేపు మాట్లాడతాడు, ఓడిపోతాడు. ఆయన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అలాంటి మనిషి పోటీదారుడి కన్నతల్లినే మేనేజరుగా పెట్టుకున్నాడు!

"తల్లిని అదుపుల పెట్టలేనోడు నా దుకాణం ఏం జూస్తడు?" టీ ముట్టకుండానే జగదీశ్వర్ వెనుదిరిగాడు. "ఆమెను ఆపు. నీ మొగుని పని నీ చేతుల్లనే ఉన్నది."

సాయంత్రానికి గల్లీ అంతా అదే మాట.

"ఇగ సారు ఇంట్ల ఏం కూరనో గూడ వెంకటేశ్‌కు తెలుస్తది!" కిరాణా కొట్టు దుర్గయ్య నవ్వాడు.

"మాకు పరీక్షల కూడ ఇంత కష్టమైన ప్రశ్న రాలేదన్నా," అన్నాడు హాస్టల్ పిల్లవాడొకడు. "గెలుద్దామని పెట్టుకున్నడా, ఓడిపోదామనా?"

రెండు రోజులు గడిచేసరికి ఆ నవ్వులు తగ్గాయి. ఆ బస్తీలో ఇంటికి ఒకే ఓటు. వెయ్యడానికి మగవాళ్లే వెళ్లేవాళ్లు గానీ, ఎవరికి వెయ్యాలో వంటింట్లోనే తేలేది. కమలవ్వ ఏ ఇంటికీ ముందు వాకిలి నుంచి వెళ్లలేదు. వెనక తలుపు తోసుకుని, పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చునేది.

"నా కొడుకు మంచోడే. కాని మెతక. జగదీశ్వర్ కాయితం ముందల పెడితే కండ్లు మూసుకోని సంతకం చేస్తడు. సంఘం హాలు కూలగొట్టి కాంప్లెక్స్ కడ్తరు. అండ్ల నడిచే మన పిల్లల బాల్వాడి ఏడికి పోవాలె?"

ఆ బాల్వాడికి మంజుల కూతురు శ్రీదివ్య కూడా వెళ్తుంది. అయినా మంజులకు హాలు గుర్తు రాలేదు. మొగుడి పని పోతే కిరాయి ఎక్కడి నుంచి తెస్తారు? తొమ్మిదో తరగతిలో బడి మానేసిన తనకు ఎవరు పనిస్తారు?

ఇంట్లో పొద్దూ మాపూ కొట్లాటే. వెంకటేశ్ అరిస్తే గల్లీ చివరిదాకా వినిపించేది.

"కన్నకొడుకు మీదికే లేస్తవా? నువ్వు వండింది నేను ముట్ట! నాకు తల్లి లేదనుకుంట!"

"అనుకో బిడ్డా," అనేది కమలవ్వ. చెప్పులేసుకుని మళ్లీ బయలుదేరేది.

ఆదివారం పొద్దున, ఓట్లకు ముందు, అత్త లోపలి గదిలో తల దువ్వుకుంటుంటే మంజుల బయట నుంచి గొళ్లెం పెట్టేసింది.

"మంజులా, తలుపు తియ్యి."

"తియ్య అత్తమ్మా. నీ కాళ్లు మొక్కుత, ఇయ్యాల ఒక్క పూట ఇంట్ల ఉండు. ఆయన పని పోతది. పిల్లకేం పెట్టాలె?"

మంజుల తలుపుకు వీపు ఆనించి కూలబడింది. వెంకటేశ్ వచ్చి చూశాడు. ఆమెను పక్కకు జరిపి గొళ్లెం తీశాడు.

"ఏం జేస్తున్నవయ్యా? ఆమె బయటికి పోతే నువ్వు ఓడిపోతవ్!"

"తల్లిని గదిల పెట్టి గెలిచిండని బస్తీ నవ్వాల్నా?" అన్నాడు తల్లి ముఖం చూడకుండానే. కమలవ్వ కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. ఫణీంద్ర సారు గెలిచాడు. మెడలో దండ పడుతుంటే నమ్మలేక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. వెంకటేశ్ హాలు ముందే కూలబడి, అందరూ చూస్తుండగా ఏడ్చాడు. జగదీశ్వర్ అటే నడుచుకుంటూ వస్తుంటే మంజుల పిల్లను గట్టిగా హత్తుకుంది.

అతను వెంకటేశ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వేం జేస్తవ్ తమ్మీ? కన్నతల్లే పొడిచింది. నేను గూడ పరేషాన్ల ఏదేదో అన్న, మనసుల పెట్టుకోకు. రేపు టైముకు దుకాణంకు రా."

మంజుల పిల్లను పట్టుకున్న పట్టు వదులు చేసింది. మొగుడి పని పోలేదు. మరి ఇల్లు? తల్లీకొడుకుల మధ్య ఇంత జరిగాక ఒక్క కప్పు కింద ఎట్లా బతకడం? పొద్దు వాలుతుండగా అన్నం కలిపి, అత్తకు క్షమాపణ చెప్పుకుందామని పళ్లెంతో వెనక వరండాలోకి నడిచింది.

తలుపు దగ్గరే ఆగిపోయింది. వెంకటేశ్ తల్లి ఒడిలో తల పెట్టుకుని పడుకున్నాడు. కమలవ్వ అతని జుట్టు నిమురుతోంది.

అతను మెల్లగా అన్నాడు.

"అమ్మా, నిన్ను సారు దగ్గరికి నేనే పంపిన్నని మంజులకు గూడ చెప్పకు."