లోపల గడియ లేని దేశం

“ఆడ తలుపులకు లోపలి దిక్కు గడియే ఉండదు సార్! దొంగల ఫికరే లేదు.”

శాలిబండలో రామ్‌చందర్ పాల దుకాణం ముందు బాలరాజ్ ఇలా మొదలుపెట్టాడంటే, గిన్నెలు పట్టుకొచ్చినవాళ్లు పాలు విరిగేదాకా కదలరు. నాలుగేళ్లు గల్ఫ్‌లో ఉండి, రెండేళ్ల కిందట తిరిగొచ్చాడు. ఒక్క చేతిసంచితో దిగాడు. “సామానంత ఓడల వస్తుంది” అన్నాడు. ఆ ఓడ ఇంకా వస్తూనే ఉంది.

ఓడ రాకపోయినా పరువు మాత్రం వచ్చింది. బస్తీలో ఏ లొల్లి జరిగినా తీర్పు అతనిదే. నల్లా దగ్గర బిందెల వరస తప్పితే చాలు, గల్ఫ్ బాలరాజ్‌ని పిలవమనేవారు. పేరుకు ముందున్న ఆ రెండక్షరాలే అతని ఆస్తి.

“మరి రాజకీయాలో?” అని అడిగాడు శ్రీరామమూర్తి. కాకినాడ నుంచి గుమాస్తాగా వచ్చి, సూపరింటెండెంటుగా రిటైరై, శాలిబండలోనే ఉండిపోయిన మనిషి.

“నాలుగేండ్లల ఒక్క బ్యానర్ చూడలే. ఒక్క మైకు ఇనలే. ఈడ లీడరు అయిదేండ్లకొకసారి వచ్చి మనల లెక్కవెడ్తడు. ఆడ పెద్దాఫీసరు దినాం రెండుసార్లు వచ్చి, అందరు ఉన్నరా లేదా చూసుకొని పోతడు.”

“రోజుకు రెండుసార్లే!” శ్రీరామమూర్తికి కళ్లు చెమ్మగిల్లాయి. ఆయన ఇంటి ముందు మోరీ పొంగి మూడు నెలలైంది. తొంగిచూసిన నాథుడు లేడు.

“కులం, మతం?”

“అడగనే అడగరు. నంబరిస్తరు, నంబరుతోనే పిలుస్తరు. లాహోరోడు, ఢాకావోడు, నేను... అందరం ఒక్క కమ్రాలనే పండుకుంటుంటిమి. ఒక్క తీరు బట్టలు, ఒక్క తీరు బువ్వ. తిండికి లైన్ కడితే నడుమల దూరెటోడు లేడు.”

“ట్రాఫిక్కు?”

“ఒక్కనాడు ఇరుక్కోలే సార్. బయటికి పోవాల్నంటే మా కోసం వ్యానే వస్తుండె. ముంగటొకడు, ఎనకొకడు!”

“అదయ్యా దేశమంటే! మన వాళ్లకెప్పుడొస్తుందో బుద్ధి” అని నిట్టూర్చాడు శ్రీరామమూర్తి. పొరుగింటి పుల్లకూరే రుచి అంటారు. ఇక పొరుగు దేశం పుల్లకూర సంగతి చెప్పాలా?

ఈ మాటలన్నీ చెవులప్పగించి వినేవాడు కొండల్. సక్కుబాయి ఒక్కగానొక్క కొడుకు. ఫలక్‌నుమాలో వెల్డింగు పని చేస్తాడు. ఒకరోజు లడ్డూల డబ్బాతో దుకాణానికి వచ్చాడు.

“మామా, వీసా వచ్చింది! నువ్వున్న దేశమే! మూడు దినాలైతే పోతున్న.”

బాలరాజ్ నోట్లో లడ్డూ నోట్లోనే ఆగిపోయింది.

“ఈడేం తక్కువైంది నీకు? శాలిబండల లేంది ఆడ ఏమున్నది?”

అంతా పకపకా నవ్వారు. బస్తీకి ఇంకో గల్ఫ్ మనిషి తయారవుతుంటే ఇతనికి కుళ్లు పుట్టిందనుకున్నారు. ఆ సాయంత్రం నుంచి బాలరాజ్ పాల దుకాణం వైపు రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం సక్కుబాయి ఇంటి ముందు ఆటో ఆగింది. బస్తీ మొత్తం సాగనంపడానికి చేరింది. ఉన్నట్టుండి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు బాలరాజ్. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్రపోయినట్టు లేడు.

“పెట్టె తెరువున్రి!”

ఎవరూ తెరవకపోతే తనే జిప్పు లాగాడు. సకినాలు తీసి పక్కన పెట్టాడు. మామిడికాయ తొక్కు వాసన చూసి పక్కన పెట్టాడు. అడుగున లుంగీలో చుట్టిన పొట్లం చేతికి తగిలింది. విప్పి చూసి, సక్కుబాయి ముందుకు చాపాడు.

“ఇవేంది అక్కా?”

“గసగసాలు. బేగంబజార్ పోయి తెచ్చిన. గసగసాలు నూరి పొయ్యంది వాడు కూర ముట్టడు” అంది సక్కుబాయి.

“తీసెయ్యి.”

“ఎందుకు?”

“బరువైతది.”

“అద్దకిలో బరువా? నీ మాటలకన్న బరువా?”

“ఆడ దొరుకుతయ్ అక్కా.”

“బేగంబజార్ సరుకు ఆడ యాడికెల్లి వస్తది?”

బాలరాజ్ పొట్లాన్ని చంకలో దాచుకున్నాడు. సక్కుబాయి పట్టుకుని గుంజింది. కాసేపు ఇద్దరి మధ్య లాగులాట నడిచింది.

“నా కొడుకు నోటికాడి బువ్వ గుంజుకుంటున్నవు. గింత కడుపుమంట ఉన్నదనుకోలే!”

జనం గొణుక్కున్నారు. శ్రీరామమూర్తి పెద్దరికం చూపించాడు.

“పోనిద్దూ బాలరాజూ! గసగసాలేగా, గంజాయి కాదుగా!”

అంతా నవ్వారు. ఆ నవ్వుల్లో సక్కుబాయి పొట్లం లాక్కుంది. పెట్టెలో కుక్కి జిప్పు వేసింది. కొండల్ పెట్టెతో సహా ఆటో ఎక్కాడు. ఆటో బుర్రుమంది.

బాలరాజ్ చుట్టూ చూశాడు. తనను చూసి లేచి నిలబడ్డవాళ్లు, తన మాట మీద తగాదాలు మానుకున్నవాళ్లు, అందరూ అక్కడే ఉన్నారు. నోరు తెరిస్తే రేపటి నుంచి ఆ రెండక్షరాలు ఉండవు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. అయినా వెళ్లి ఆటోకు అడ్డంగా నిలబడ్డాడు.

“అక్కా, ఆడ గసగసాలన్నా గంజాయన్నా ఒక్కటే! గింతే పొట్లంతోని ఇమానం దిగిన నేను, నాలుగేండ్లు ఆ దేశంల చూసిందంత జైలే!”