మలేషియా కచేరీ

“బులుకైట్ పాటలు ఉన్నయా అన్నా?”

సూర్యాపేట బస్టాండు పక్కన సీడీల దుకాణం అతను తలెత్తి స్వరూపను ఎగాదిగా చూశాడు.

“బులుకైటా? గాలిపటాల దుకాణం అనుకున్నవా అక్కా?”

“కాదన్నా. కొరియా పిలగాండ్లు. ఎగురుకుంట పాడుతరట. దేశదేశాలు తిరిగి పాడినయన్నీ కలిపి డిస్కు చేసిండ్రట. పాటలే కాదు, బొమ్మ గూడ ఉంటదట.”

అతను పెద్దగా నవ్వాడు. బతుకమ్మ పాటలున్నాయన్నాడు. డీజే పాటలున్నాయన్నాడు. పక్కన చాయ్ తాగుతున్నవాళ్లు కూడా నవ్వారు.

“ఇంకా యాడ దొరుకుతది?” అంది స్వరూప.

ఆ గొంతు విని అతని నవ్వు ఆగిపోయింది. “కోదాడల అడిగి సూడు,” అన్నాడు మెల్లగా.

ఎల్లుండి స్వరూప లగ్గం. పెండ్లికొడుకు మహేశ్వర్‌ది మునగాలలో గొర్లు కాసుకునే ఇల్లు. నెమ్మదస్తుడు, చెడ్డ అలవాట్లు లేవు. మేళతాళాలు వద్దు, గుళ్లో పుస్తె కట్టి దగ్గరివాళ్లకు భోజనం పెడితే చాలని పెద్దలు అనుకున్నారు. స్వరూప కూడా తల ఊపింది. కానీ మలేషియాలో కూలి చేసి మొన్ననే తిరిగొచ్చిన ధన్‌సింగ్, ఈ పాటల వాళ్ల సంగతి చెప్పినప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

కోదాడ బస్సులో ఉండగా ఫోన్ మోగింది. మహేశ్వర్ తల్లి సత్తమ్మ.

“ఏడున్నవే? గాజులామె వచ్చి కూసున్నది.”

“కోదాడ పోతున్న అత్తా. జర పనుంది.”

“ఆ డిస్కు కోసమేనా? ధన్‌సింగ్ తాగుబోతోడు. వాని మాట పట్టుకొని ఊర్లు తిరుగుతవా? నలుగురు వింటే ఏమనుకుంటరు బిడ్డా?”

సత్తమ్మ గొంతులో కోపం లేదు, ఏడుపుంది.

“ఒక్కసారి సూస్త అత్తా. సూసినంక నువ్వు ఏం జెప్తే గది చేస్త.”

కోదాడలో టీవీలు బాగుచేసే రాజారత్నం ఆమె మాట పూర్తిగా విని తల అడ్డంగా ఊపాడు. “అలాంటివి మన దగ్గర ఎక్కడ దొరుకుతాయమ్మా?”

స్వరూప దుకాణం మెట్టు మీదే కూలబడింది. “ఎల్లుండి దాటితే ఇగ సూసినా ఒకటే, సూడకున్నా ఒకటే అన్నా,” అంటూ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

రాజారత్నం కంగారుపడ్డాడు. మంచినీళ్లు ఇచ్చాడు.  “మిర్యాలగూడలో మా మేనకోడలు ఉషారాణి ఉంది. డిగ్రీ చదువుతుంది. ఎప్పుడూ ఏవో కొరియా పాటలే దాని లోకం. వెళ్లి అడుగు, నేను ఫోన్ చేసి చెబుతాను.”

మిర్యాలగూడలో ఉషారాణి ఆమెను వాకిట్లోనే పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. గది గోడలనిండా తెల్లగా, సన్నగా ఉన్న కుర్రాళ్ల బొమ్మలే.

“మన దిక్కు బ్లూ కైట్ ఫ్యాన్‌ని నేనొక్కదాన్నే అనుకున్న అక్కా! మీకు వీళ్లల్ల ఎవరిష్టం?”

స్వరూప గోడ మీది బొమ్మల వంక చూడనేలేదు. “మలేషియాల పాడింది ఉన్నదా?”

“ఉన్నది. కొరియా నుంచి తెప్పించుకున్న. నిరుడు దీపావళి అయినంక జరిగింది ఆ కచేరీ.”

“దీపావళి అయినంకనేనా? ఖాయమేనా చెల్లే?”

“డబ్బా మీదనే ఉన్నది సూడుండ్రి.”

స్వరూప కుర్చీ పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది.

పాట తర్వాత పాట వచ్చింది. వేలమంది అరుపులు, కళ్లు చెదిరే లైట్లు. స్వరూప రెప్ప వేయలేదు. పాడేవాడి మొహం తెరనిండా వచ్చినప్పుడల్లా, అడ్డం వచ్చిన మనిషిని తప్పించుకున్నట్టు తల పక్కకు వంచి చూసింది. ఉషారాణికి ఆ చూపు అర్థం కాలేదు.

ఇంతలో వాకిట్లో బైక్ ఆగింది. కోదాడలో రాజారత్నం దగ్గర దారి తెలుసుకుని మహేశ్వర్ వచ్చేశాడు. గుమ్మంలో నిలబడ్డాడు. స్వరూపను ఏమని పిలవాలో అతనికి ఇంకా అలవాటు కాలేదు.

“ఇగ సాలు, పోదాం పా,” అన్నాడు. “దొరకనోని కోసం ఉరుకుతున్నవ్. ఎదురుంగ ఉన్నోన్ని ఒక్కసారన్న సూడరాదా?”

ఉషారాణికి ఆ పెండ్లికొడుకు మీద జాలేసింది.

“జర ఆగు మహేశూ,” అంది స్వరూప, తెర మీంచి చూపు తిప్పకుండానే. “నీ కాళ్లు మొక్కుత. జర ఆగు.”

ఆఖరి పాట కూడా అయిపోయింది. స్వరూప మొహం పాలిపోయింది.

“ఖతం అక్కా. ఇగ స్టేజీ కట్టుడు సూపిస్తరు గంతే. అది నేనే సూడ,” అంటూ ఉషారాణి ఆపబోయింది. స్వరూప ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఉండనియ్యి.”

పాట లేదు. ఖాళీ మైదానం. నిచ్చెనలు. పసుపుపచ్చ టోపీలు పెట్టుకున్న కూలీలు భుజాల మీద ఇనుప పైపులు మోసుకొస్తున్నారు. వాళ్లలో ఒకడు ఆగి, చెమట తుడుచుకుంటూ ఇటు తిరిగాడు.

“ఆపు!”

బొమ్మ ఆగింది. స్వరూప తెర మీద వేలు పెట్టింది. ఆ వేలు అక్కడే ఉండిపోయింది.

“ఈయన పాడేటాయన కాదక్కా. ఎవరో కూలీ,” అంది ఉషారాణి అయోమయంగా.

మహేశ్వర్ గుమ్మంలోంచి పరుగున వచ్చి తెర ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు: “వదినా... నిరుడు ఉగాదికి, మలేషియా నుంచి శవం గూడ రాకుంటనే దినాలు చేసినం గదనే... అన్న బతికే ఉన్నడు!”